ఆ ఒక్క ఓటు ఎవరిది

ఊరి నుంచి,
24 ఆగస్టు 2001

తమ్మీ జలపతీ,

ఇక్కడ అందరం మంచిగున్నాం అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, వదిలేస్తున్నాను. నువ్వు మాత్రం మంచిగుండాలి.

రెండు శుక్రవారాలుగా నువ్వు మన ఊరి ఎస్టీడీ డబ్బాకు ఫోన్ చేసి ఉంటావు. "మీ అక్క రాలేదు" అని చెప్పి ఉంటారు. నేను రాకపోవడం కాదు, నన్ను రానివ్వలేదు. ఊరి కమిటీ నన్ను వెలి వేసింది. తమాషాకు అంటున్నాననుకోకు. సంగతి మొదటి నుంచి చెబుతాను.

పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబర్లందరినీ ఏకగ్రీవం చేయాలని కమిటీ తీర్మానించింది. మన వార్డుకు కమిటీ పెద్ద గంగారాం కొడుకు పేరు ఖాయం చేశారు. అప్పటికే నామినేషన్ వేసిన మన నర్సయ్య, కమిటీ మాటకు తలవంచి, వెనక్కి తీసుకుంటానని మండలాఫీసుకు బయలుదేరాడు. మధ్యలో బస్సు చెడిపోయింది, మూడు గంటల గడువు దాటిపోయింది. నర్సయ్య పేరు, ఆయన కత్తెర గుర్తు ఓటు కాగితం మీద అట్లాగే ఉండిపోయాయి. పోలింగు పెట్టక తప్పలేదు. గంగారాం కొడుకుది ఉంగరం గుర్తు. కమిటీ డప్పు కొట్టించింది. "ఒక్క ఓటు గూడ ఇటు అటు కావద్దు. అందరు ఉంగరానికే గుద్దాలె." పాపం నర్సయ్య కూడా ఇల్లిల్లూ తిరిగి, "నాకు ఎయ్యకుండ్రి, మీ కాళ్లు మొక్కుత" అని బతిమాలాడు. ఇట్లాంటి ప్రచారం నా జన్మలో చూడలేదు.

సాయంత్రం బడిలో లెక్క పెట్టారు. మన వార్డులో నూట నలభై ఓట్లు. నూట ముప్పై తొమ్మిది ఉంగరానికి, ఒకటి కత్తెరకు.

గెలిచినవాడు దండ వేసుకుని తిరగాలి కదా. అది లేదు. గంగారాం బడి అరుగు మీద నిలబడి అడిగిన మొదటి మాట, "గా ఒక్కటి ఎవలిది?"

మరునాడు పొద్దున హనుమాండ్ల గుడి ముందు వార్డంతా వరసకట్టింది. బోరింగు కింద నాలుగు చెంబులు పోసుకుని, తడిబట్టలతో గుడి మెట్టు ఎక్కి, "నా ఓటు ఉంగరానికే" అని ప్రమాణం చేయాలి. నర్సయ్యే ముందు చేశాడు. మీ బావ చేశాడు. డెబ్బై ఏండ్ల బాలవ్వ వణుక్కుంటూ చేసింది. నా వంతు వచ్చింది. నేను చెంబు ముట్టలేదు.

"ఓటేసేకాడ అట్ట అడ్డం ఎందుకు పెడ్తరు? ఎవలు చూడద్దనే గదా. గిప్పుడు నీళ్లు పోసుకోని చెప్పుమంటే నేను జెప్ప" అన్నాను.

"ఎయ్యకపోతే ఎయ్యలేదని చెప్తే అయిపాయె" అన్నాడు గంగారాం.

"ఏసిన్నని చెప్ప. ఎయ్యలేదని చెప్ప."

అంతే. ఆ పూటే చాటింపు వేశారు. దుకాణంలో ఉప్పు లేదు, గిర్నీలో పిండి లేదు, చాకలి రాడు. కార్ఖానా ఆయన నాకు బీడీ ఆకు ఇవ్వడం బంద్ చేశాడు. మాతో మాట్లాడినవాళ్లు జుర్మానా కట్టాలి. మీ బావ దించిన కల్లు ఎవరూ తాగడం లేదు, పారబోస్తున్నాం.

నీకు కూడా ఒక మాట ముందే చెబుతున్నాను. నేను ఎవరికి వేశానో అడగకు, నీకూ రాయను.

కోరుట్ల దాకా నడిచిపోయి ఈ ఉత్తరం వేయాలి. ఊరి ఆటోలు ఎక్కించుకోవు.

నీ అక్క,
శాంత

*

మస్కట్,
9 సెప్టెంబర్ 2001

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత కోపం వచ్చింది. ఇప్పుడు కోపంతోనే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ నిన్నే అనేది. ఊరికే అనలేదు. చిన్నప్పుడు అందరూ వరి అన్నం తింటుంటే జొన్న గట్కే కావాలని ఏడ్చినదానివి. అది ఇంట్లో చెల్లింది. ఊళ్లో చెల్లదు.

కమిటీ చెడ్డదని నాకు చెప్పకు. మనూరి ఎల్లయ్య పోయిన ఏడు ఇక్కడ పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. శవం ముప్పై ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండిపోయింది. కంపెనీ పట్టించుకోలేదు, ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. అప్పుడు గంగారాం నలుగురిని వెంటబెట్టుకుని హైదరాబాదు పోయి ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ పెట్టెను ఊరికి తెప్పించాడు. ఆ పెట్టె ఇక్కడ విమానం ఎక్కడం నేను కళ్లారా చూశాను. ఆ రోజు నుంచి ఇక్కడ మన ఊరివాళ్లం ఆరుగురం ఒకటే రూములో, ఒకటే గిన్నెలో వండుకుని తింటున్నాం. రేపు నాకేమన్నా అయితే నా పెట్టె తెప్పించేది నీ ఓటు కాదక్కా, ఆ కమిటీయే. ఓటు ఐదేండ్లకు ఒకసారి. ఊరు దినాం కావాలి.

నీ మొండితనం ఏమిటో నాకు అర్థం కాలేదు. వేసి ఉంటే తప్పయిందని ఒప్పుకో. వేయకుంటే వేయలేదని నాలుగు చెంబులు పోసుకో. ఈ రెండూ కాక మూడోది ఏముంది? నాకైతే నువ్వే వేశావని అనుమానం. నర్సయ్యకు నువ్వు ఏటా రాఖీ కడతావు. ఒక్క ఓటన్నా లేకపోతే పరువు పోతుందని జాలిపడి గుద్ది ఉంటావు. జాలిపడితే జాలిపడ్డావు, అది చెప్పడానికి ఏమిటి?

నలుగురితో నారాయణ అంటే నీ నోరు అరిగిపోతుందా? ఇంకో ఏడాదికి నేను ఊరికి వస్తాను, పెళ్లి చేస్తానంటున్నావు. వెలి పడిన ఇంటికి పిల్లనెవరిస్తారు?

ప్రమాణం చేసి, చేశానని రెండు ముక్కలు రాయి.

జలపతి

*

ఊరి నుంచి,
30 సెప్టెంబర్ 2001

జలపతీ,

గట్క సంగతి గుర్తుంది గానీ, అమ్మ ఆ రోజు చివరికి నాకు గట్కే వండిపెట్టింది. అది మరిచిపోయావు.

ఎల్లయ్య సంగతి నువ్వు రాసింది నిజం. ఆ పెట్టె ఊళ్లోకి వచ్చినప్పుడు నేనూ గంగారాంకు మనసులో దండం పెట్టుకున్నాను. ఇప్పటికీ పెడతాను. ఊరు నాకు వద్దని నేనెప్పుడన్నాను? పోచమ్మకు బోనం ఎత్తేది నేను. శనివారం ఒక్క పొద్దు ఉండేది నేను. ఎవరింట్లో చావైనా ముందు పోయేది నేను. ఊరు నా ఇంటికి రావచ్చు, నా అరుగు మీద కూర్చోవచ్చు. నా నోట్లో చెయ్యి పెట్టి ఏముందో చూస్తానంటే మాత్రం పండ్లు పెడతాను.

మూడోది ఏముందని అడిగావు. అదే మూడోది. చెప్పకపోవడం.

ఇంకొకటి విను. ఈ నెల పొడుగునా పని లేక కూర్చుని లెక్క వేసుకుంటున్నాను. మన వార్డు జాబితాలో నూట నలభై పేర్లు. డబ్బాలో పడినవీ నూట నలభై. అందులో గల్ఫుకు పోయినవాళ్లు ఏడుగురు, నీతో కలిపి. చనిపోయిన మల్లవ్వ ఒకామె. మరి ఈ ఎనిమిది ఓట్లు ఎవరు వేశారు? పోలింగు అయిపోయే ముందు గంగారాం కొడుకు దోస్తులు, పక్క వార్డువాళ్లు నలుగురు వరసలో రెండుసార్లు నిలబడడం నేను చూశాను. ఓటింగు నూటికి నూరు కావాలని ఆరాటం. హడావుడిలో ఒకటి కత్తెర మీద పడిందో ఏమో ఎవరికి తెలుసు! ప్రమాణాలేమో ఊళ్లో ఉన్నవాళ్లతోనే చేయించారు. మల్లవ్వతో తడిబట్టల ప్రమాణం ఎవరు చేయించాలి?

నీ ఓటు కూడా పడింది తమ్మీ. మస్కట్‌లో కడ్డీలు కడుతూనే ఇక్కడ ఓటేశావు.

ఈ ముక్క కమిటీ ముందు చెబుదామని గుడి దగ్గరికి పోయాను. "వెలి వడ్డోళ్ల మాట మేం ఇనద్దు, ఇంటే మాకే జుర్మానా" అని లేచిపోయారు. వాళ్ల న్యాయం అట్లా ఉంది.

బాలవ్వ చీకటి పడ్డాక గోడ మీదుగా కూర గిన్నె పెట్టిపోతుంది. మాట్లాడదు, గిన్నె పెట్టి గోడను రెండుసార్లు కొడుతుంది. ఆమె అల్లుడికి సిరిసిల్లలో సాంచెల మీద నేత పని లేదట, భీవండి పోయాడట. ఈ సంగతి గోడ చెప్పలేదులే, నీ మేనకోడలు స్వప్న నీళ్లకు పోయినప్పుడు తోవలో విన్నది.

స్వప్న గురించి రాయాలి. ఇంటరు అయిపోయింది కదా, హైదరాబాదులో నర్సు ట్రైనింగుకు పోతానంటున్నది. ఆడపిల్ల హాస్టల్లో ఉండడమేమిటని నేను వద్దన్నాను. మొన్న పీట మీద కూర్చుని నా మొహం చూస్తూ, "నీ ఓటు నీ ఇష్టమైతే, నా సదువు ఎవలిష్టమే?" అన్నది. పెట్టి కొట్టబోయాను. చెయ్యి లేవలేదు.

మీ బావ రోజూ అడుగుతున్నాడు, "నాకన్న చెప్పు" అని. ఆయనకూ చెప్పలేదు. ఈ పంచాయతీతో ఆయన బక్కచిక్కిపోతున్నాడు.

శాంత

*

మస్కట్,
4 అక్టోబర్ 2001

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను.

నీ వెలి మస్కట్‌ దాకా వచ్చింది. నమ్ముతావా? ఊరి నుంచి మా రూములో ఒకడికి ఫోన్ వచ్చింది. "జలపతి గూడ గా ఇంటోడే" అన్నారట. ఆ రాత్రి నుంచి నా ప్లేటు వేరు చేశారు. ఐదుగురు ఒక గిన్నెలో వండుకుంటారు. నేను ఒక్కణ్ని మూలన స్టవ్ వెలిగించుకుని గుడ్డు ఉడకబెట్టుకుంటాను. నిన్న నా చొక్కా తీగ మీద నుంచి కింద పడితే ఎవడూ తీయలేదు, కాళ్లతో దాటి పోయారు. ఏడాదిగా ఒకడి చెమట ఒకడు తుడుచుకున్నవాళ్లం.

వాళ్లను నేను తప్పు పట్టను. వాళ్ల పెళ్లాం పిల్లలు ఊళ్లో ఉన్నారు. తప్పు పట్టేది నిన్నే.

పక్క రూములో ఒక శ్రీకాకుళం మేస్త్రీ ఉన్నాడు, పేపర్లు తెగ చదువుతాడు. ఒక్కణ్నే తింటున్నానని చూసి కూర్చోబెట్టి అడిగాడు. అంతా విని, "మీ అక్క ఉదారవాది, నువ్వు సంప్రదాయవాదివి" అన్నాడు. మా అక్క ఎన్నడూ దుకాణంలో ఉద్దెర తేలేదు, ఉద్దెర ఇవ్వలేదు, నోరు సంభాళించుకో అని లేచాను. ఆయన పడిపడి నవ్వి, విడమరిచి చెప్పాడు. మనిషి ఇష్టాన్ని ముందు పెట్టేవాళ్లు మొదటి రకమట. పెద్దలు కట్టిన కట్టుబాటును ముందు పెట్టేవాళ్లు రెండో రకమట. లోకమంతా ఈ రెండు గుంపులేనట. సరే, అయితే నేను రెండో రకమే. ఒప్పుకుంటున్నాను, సిగ్గేమీ లేదు. కట్టుబాటు లేని ఊరు, కట్టు తెగిన మోపు ఒక్కటే.

ఇక అసలు సంగతి. నీ తరఫున నేను గంగారాంకు ఉత్తరం రాశాను. పది రోజులయింది. "మా అక్క తెలియక నర్సయ్య మీద జాలితో ఆ ఓటు వేసింది. చదువుకున్న అహంకారంతో ప్రమాణానికి రాలేదు. తమ్ముణ్ని, నేను ఊరికి క్షమాపణ చెప్పుకుంటున్నాను, పెద్దమనసుతో కట్టు తీసేయండి" అని రాశాను. నీకు కోపం వస్తుందని తెలుసు. నువ్వు చేయని పని ఎవరో ఒకరు చేయాలి కదా. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా సర్దుకుని ఉంటుంది.

బావకు నా దండాలు చెప్పు. సద్దుల బతుకమ్మ నాటికి నువ్వు అందరిలో కలిసి ఆడతావు చూడు.

జలపతి

*

జగిత్యాల, ఆసుపత్రి వరండా,
30 అక్టోబర్ 2001

జలపతీ,

సర్దుకుంది. ఎట్లా సర్దుకుందో చెబుతాను.

నీ ఉత్తరాన్ని గంగారాం గుడి దగ్గర మైకు పెట్టి చదివించాడు. "సొంత తమ్ముడే రాసిచ్చిండు, ఇంకేం సాక్ష్యం గావాలె" అన్నాడు. అప్పటిదాకా నేను చెప్పనిదాన్ని. ఆ పూట నుంచి అబద్ధాలకోరును, దొంగను. అప్పటిదాకా మా ఇంటి వంక చూడకుండా పోయేవాళ్లు, ఇప్పుడు చూసి ఉమ్మి పోతున్నారు. బాలవ్వ గిన్నె కూడా ఆగిపోయింది. నేను ప్రమాణం ఎగ్గొట్టినందుకు కాదు, "నా మొఖం మీద అబద్ధమాడినవ్" అని ఆమె దుఃఖం. నేను ఆమెతో ఏ మాటా ఆడలేదు. ఆడింది నువ్వు.

సద్దుల బతుకమ్మ నాడు వాకిట్లో నేను, స్వప్న ఇద్దరమే ఆడాం. ఇద్దరు మనుషులు గుండ్రంగా ఎట్లా తిరుగుతారు? ఒకరి వెనక ఒకరు నడిచాం, అంతే.

దసరా మరునాడు మీ బావ చెట్టు మీద నుంచి పడ్డాడు.

కల్లు ఎవరూ తాగకపోయినా రోజూ ఎక్కేవాడు. గీయకపోతే కల్లు పారడం ఆగిపోతుంది కదా. ఇదివరకు వనంలో నలుగురు గౌండ్లవాళ్లు పక్కపక్కన గీసేవాళ్లు, ఒకరు జారితే ఒకరు చూసేవాళ్లు. వెలి పడినప్పటి నుంచి ఈయన వచ్చే వేళకు వాళ్లు రారు. పొద్దున ఏడింటికి పడ్డాడు. పదకొండింటికి నేను వెతుక్కుంటూ పోయేదాకా అట్లాగే పడి ఉన్నాడు. నడుం కింద ఎముక విరిగింది. అటుగా పోయినవాళ్లు చూశారు. ఎవరో తలకింద ఒక తువ్వాల మడిచి పెట్టి పోయారు. మనసు రాయి కాలేదన్నమాట, భయం మాత్రం రాయిలాగా ఉంది.

ఊళ్లో మూడు ఆటోలకు చెప్పాను. ఒక్కడూ రాలేదు. చివరికి కూలివాడ సామేలు ఆటో తెచ్చాడు. "జుర్మానా ఏస్తే ఏయనీ అక్కా, మా వాడను ఎన్నడు ఊర్లె కలుపుకున్నరు గనుక ఇగ కొత్తగ వెలి ఏస్తరు" అన్నాడు. కోరుట్లలో మా వల్ల కాదన్నారు, జగిత్యాల తెచ్చాం. ఆపరేషన్ అయింది. నడుస్తాడట. ఇక చెట్టు ఎక్కడు.

నిన్న మంచం మీద కళ్లు తెరిచి మీ బావ అడిగిన మొదటి మాట, "గిప్పుడన్న చెప్పు, ఏ గుర్తు?" నేను చెప్పలేదు. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన నడుం విరిగేది కాదని నాకు తెలియదనుకుంటున్నావా? పొద్దున లేచింది మొదలు అదే తలుచుకుంటున్నాను. అయినా నోరు రాలేదు. ఇన్ని పోయాక చెబితే, పోయినవన్నీ ఎందుకు పోయినట్టు?

నువ్వు ఇక రాయకు. నా తరఫున ఎవరికీ రాయకు.

శాంత

*

మస్కట్,
18 నవంబర్ 2001

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపేసినా సరే, చదివి చింపు.

నీ రెండు ఉత్తరాలూ నాకు మూడు రోజుల తేడాతో వచ్చాయి. సెప్టెంబర్‌లో నువ్వు వేసింది ఎక్కడ తిరిగిందో ఇప్పుడు చేరింది. అది ముందే అంది ఉంటే గంగారాంకు ఆ క్షమాపణ రాసేవాణ్ని కాదేమో అని రాయబోయి కొట్టేశాను. అది నువ్వు వేయకముందే నేను ఆయనకు రాసేశాను. నిన్ను అడిగి రాసి ఉండాల్సింది. ఆగలేకపోయాను. నా బుద్ధిని ఏమనాలి?

బావ పడ్డ సంగతి రూములో గట్టిగా చదివాను. నాతో మాట్లాడొద్దని వాళ్లకు చెప్పారు గానీ, గోడలకు చదివి వినిపించొద్దని అనలేదు కదా. ఐదుగురూ వింటూ తల వంచుకున్నారు. మరునాడు పొద్దున చూస్తే నా ప్లేటు వాళ్ల ప్లేట్లతో కలిపి కడిగి ఉంది. ఎవరు కడిగారో చెప్పలేదు. నేనూ అడగలేదు.

నాలుగు రోజులు పనిలో చెయ్యి ఆడలేదు. కట్టుబాటు అంటే నలుగురు కలిసి ఒకణ్ని మోయడం అనుకున్నాను. ఒకడు కింద పడి ఉంటే నలుగురు కలిసి చూడకుండా పోవడం కూడా అదేనని నాకు తెలియదు. మేస్త్రీ, "ఇప్పుడు నువ్వు ఏ వాదివి?" అని అడిగాడు. మొదటిసారి ఆయన మీద కాకుండా నా మీద నాకు కోపం వచ్చింది.

అందుకే గంగారాంకు ఇంకో ఉత్తరం రాశాను, రిజిస్టర్ పోస్టులో. నీకు నకలు రాస్తున్నాను.

"అయ్యా, మొదటి ఉత్తరంలో నేను రాసింది తప్పు. మా అక్కను అడగకుండా రాశాను. ఆ కత్తెర ఓటు నాది. జాబితాలో నా పేరు ఎదుట ఓటు పడినట్టు గీత ఉంది కాబట్టి నేను ఓటేసినట్టే. నేను ఊళ్లో లేను, కాబట్టి ప్రమాణం చేయలేదు. నా చేతితో ఎవరు గుద్దారో మీకే తెలియాలి. జుర్మానా నాకు వేయండి, వెలి నాకు వేయండి, మా అక్క ఇంటి మీద కట్టు తీయండి. కాదంటే, మస్కట్‌లో ఉన్నవాడి ఓటు ఊళ్లో ఎట్లా పడిందో జగిత్యాల ఆర్డీవో గారినే అడుగుతాను."

ఇది చదివి గంగారాం మొహం ఎట్లా ఉంటుందో చూడాలని ఉంది. అక్కా, ఈసారి నీకు న్యాయం చేశాను. సంతోషపడతావనే అనుకుంటున్నా.

స్వప్నను ట్రైనింగుకు పంపు. నాకు ఇక్కడ చేతికి ఇనుము గుచ్చుకుంటే కుట్లు వేసింది కేరళ పిల్ల, మన స్వప్నంతే ఉంటుంది. హాస్టలైతే ఏమిటి? దాని ఇష్టం దానికి ఉండనీ. నేను రెండో రకంవాణ్నే అయినా ఇది చెబుతున్నాను.

బావ పాదాలకు దండాలు.

తప్పు చేసిన తమ్ముడు,
జలపతి

*

ఊరి నుంచి,
16 డిసెంబర్ 2001

తమ్మీ,

చింపలేదు. నాలుగుసార్లు చదివాను.

గంగారాం నీ రిజిస్టర్ ఉత్తరం అందిన రోజు ఎవరికీ చూపించలేదట. రెండో రోజు కొడుకును, వాడి దోస్తులను ఇంట్లో కూర్చోబెట్టి తలుపు వేసుకున్నాడట. మూడో రోజు మీ బావ పేరు చెప్పి డప్పు కొట్టించాడు. "దేవయ్య ఇంటి మీది కట్టు తీసేసినం. ఎవలన్న మాట్లాడచ్చు." ఎందుకు తీశారో చెప్పలేదు, నీ మీద వేసినట్టూ చెప్పలేదు. నీ మీద వేయాలంటే నీ ఓటు ఎవరు వేశారో చెప్పాలి కదా. ఆర్డీవో అన్న ముక్క బాగా పనిచేసింది.

అరగంటలో ఇల్లు నిండింది. చాకలి వచ్చాడు. కార్ఖానా ఆయన ఆకు కట్ట, తంబాకు మనిషితో పంపించాడు. వనంలో మీ బావ తలకింద తువ్వాల పెట్టింది తానేనని ఇద్దరు చెప్పుకున్నారు, ఒకటే తువ్వాల. బాలవ్వ నా గడ్డం పట్టుకుని ఏడ్చింది. "నువ్వు ఎయ్యలేదాయె బిడ్డా, మాకు తెల్వకపాయె."

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎయ్యలేదని నీకెవలు జెప్పిండ్రు?" అన్నాను.

"నీ తమ్ముడు రాసిండంట గదా, ఆయనదేనంట. గంగారాం కొడుకు దోస్తులే చెప్పిండ్రు."

జలపతీ, నీకు తిట్లు రాయాలని కూర్చున్నాను. నీ మనసు నాకు అర్థమైంది, ఊరిని అంత దూరం నుంచి ఎదిరించావు, అది చిన్న పని కాదు. నీ ప్లేటు మళ్లీ వేరు చేస్తారేమోనని నాకు దిగులుగానే ఉంది. అయినా చెప్పాల్సింది చెబుతాను. మొదటి ఉత్తరంలో నన్ను ఓటు వేసినదాన్ని చేశావు. రెండో ఉత్తరంలో వేయనిదాన్ని చేశావు. రెండుసార్లూ నన్ను అడగలేదు. నాలుగు నెలలు ఉప్పు లేక, పని లేక, పెనిమిటి నడుం విరగ్గొట్టుకుని నేను దాచుకున్న ఒక్క మాటను నువ్వు రెండు కవర్లలో పెట్టి పంపేశావు. గంగారాం నా నోరు తెరిపించాలని చూశాడు. నువ్వు నా నోటితో నువ్వే మాట్లాడావు. ఇద్దరిలో ఎవరు నయమో తేల్చుకోలేక చస్తున్నాను.

అందరూ పోయాక గుడి దగ్గరికి నడిచాను. కమిటీ కూర్చుని ఉంది.

"మా తమ్ముడు రాసింది మా తమ్ముని ముచ్చట. నా జవాబు ఎన్కటి లెక్కనే ఉన్నది. ఏసిన్నని చెప్ప, ఎయ్యలేదని చెప్ప" అన్నాను.

గంగారాం విసుక్కున్నాడు. "ఇగ నిన్నెవలు అడిగిండ్రు, పోరాదు!"

"అడగద్దని చెప్పనీకే వచ్చిన" అన్నాను.

మళ్లీ కట్టు వేస్తారనుకున్నాను. వేయలేదు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. గెలిచానో ఓడానో కూడా తెలియకుండా ఇంటికి వచ్చి బియ్యం కడిగాను. మీ బావ చేతికర్ర ఆనించుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు అడగడం మానేశాడు. అడిగినప్పటికంటే ఇదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

స్వప్న ఫారం మీద సంతకం పెట్టాను. పంపడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. ఊరి కట్టుబాటును కొట్లాడి ఆపినదాన్ని, నా ఇంట్లో నేను అదే పెట్టుకున్నాను. ఊరే గొప్ప అన్నవాడివి నువ్వేమో పిల్లను పంపమంటావు. మనిద్దరిలో ఎవరు ఏ వాదో మీ మేస్త్రీనే లెక్క తేల్చమను, నాకు తీరిక లేదు, బీడీ ఆకు వచ్చింది.

వచ్చే ఎన్నికల నాటికి ఇంటికి రా తమ్మీ. నీ ఓటు వేరేవాళ్ల చేతికి పోనియ్యకు, నువ్వే వేసుకో. ఎవరికి వేశావో నాకు చెప్పకు.

శాంత